గ్లైడ్ – జారు: ఒక చలన క్రియ అర్థపరిధి, అనువాద సమస్య

సారాంశం:
ఆంగ్లంలోని ‘గ్లైడ్’ క్రియకు తెలుగులో సమానార్థకం లేదన్న అభిప్రాయం అనువాదకుల్లో తరచు వినిపిస్తుంది. నిఘంటువులు ‘జారు’, ‘తేలు’, ‘సాగు’, ‘పాకు’ వంటి అర్థాలను వరుసగా ఇచ్చి ఎంపికను పాఠకుడికే వదిలేస్తాయి. ఈ వ్యాసం గ్లైడ్ క్రియ చరిత్రను, అర్థ ఘటకాలను వివరిస్తుంది. తెలుగులో దానికి అతి సమీపంగా ఉన్న ‘జారు’ను అనువాదకులు ఎందుకు తప్పించుకుంటున్నారో పరిశీలిస్తుంది. మిల్టన్ ‘ప్యారడైజ్ లాస్ట్’లోని కొన్ని ఘట్టాల ఆధారంగా ఈ ఎంపిక కావ్యార్థాన్నే మార్చగలదని నిరూపిస్తుంది. కర్ణాటక సంగీతంలోని ‘జారు’ గమకం ఈ చర్చకు ఇచ్చే ఆధారాన్ని సూచిస్తుంది.

కీలక పదాలు: చలన క్రియలు, అర్థ ఘటకాలు, అనువాదం, జారు, శకటరేఫం, గమకం, మిల్టన్.

1. ఉపోద్ఘాతం

ఒక భాషలోని నామవాచకానికి మరో భాషలో సమానార్థకం దొరకకపోతే అనువాదకుడు ఆ పదాన్నే ఎరువు తెచ్చుకుంటాడు. ‘గ్లైడర్’ తెలుగులోకి అలాగే వచ్చింది. క్రియ విషయంలో ఆ వెసులుబాటు తక్కువ. ‘గ్లైడ్ అయ్యింది’ అని వార్తాకథనంలో రాయవచ్చు గాని కవిత్వానువాదంలో రాయలేం. క్రియ వాక్యానికి ఆయువుపట్టు కాబట్టి అక్కడ చేసిన ఎంపిక కర్తను, కర్త సంకల్పాన్ని, కవి దృష్టిని కూడా నిర్ణయిస్తుంది.

గ్లైడ్‌ను సాధారణంగా ‘నునుపుగా, అడ్డంకి లేకుండా, సద్దు చేయకుండా కదలడం’ అని వివరిస్తారు. ఈ వివరణలో తప్పు లేదు. అయితే ఇది వివరణే తప్ప పదం కాదు. నది, పడవ, హంస, పాము, దయ్యం, దేవదూత, కాలం, సూర్యుడు – ఇవన్నీ ఆంగ్లంలో ఈ ఒక్క క్రియకు కర్తలు కాగలవు. వీటన్నిటికీ సరిపడే ఒకే తెలుగు క్రియను వెదకడం కంటే, ఆంగ్లం వీటన్నిటినీ ఒకే క్రియ కిందికి ఎందుకు తెచ్చింది, తెలుగు ఎందుకు విడదీసింది అని ప్రశ్నించడం ఫలప్రదం. ఈ వ్యాసం ఆ ప్రశ్నతో మొదలవుతుంది.

2. గ్లైడ్: పద చరిత్ర

గ్లైడ్ ఆంగ్లంలోని అతి ప్రాచీన క్రియల్లో ఒకటి. ప్రాచీనాంగ్లంలో దీని రూపం ‘గ్లీడన్’. జర్మన్ ‘గ్లైటెన్’, డచ్ ‘గ్లైడెన్’ దీని సోదర పదాలు. పశ్చిమ జర్మానిక్ శాఖను దాటి దీని మూలం నిర్ధారణ కాలేదు. ‘నునుపైన, మెరిసే’ అనే అర్థమున్న జర్మానిక్ విశేషణంతో దీనికి బంధుత్వముందన్న ఊహ ఉంది. ఆ విశేషణమే ఆధునికాంగ్లంలో ‘గ్లాడ్’గా, అంటే ‘సంతోషం నిండిన’ అనే అర్థంలో మిగిలింది. మొదట్లో గ్లైడ్ భూతకాల రూపం అచ్చు మార్పుతో ఏర్పడేది. కాలక్రమంలో అది సాధారణ క్రియల్లో కలిసిపోయి ‘గ్లైడెడ్’గా స్థిరపడింది. దానికి పొరుగు క్రియ అయిన ‘స్లైడ్’ మాత్రం పాత పద్ధతిని నిలుపుకొని నేటికీ భూతకాలంలో ‘స్లిడ్’ అవుతుంది.

ప్రాచీనాంగ్ల కవిత్వంలో ఈ క్రియకు గంభీరమైన స్థానముంది. 937లో జరిగిన బ్రూనన్‌బర్ యుద్ధాన్ని వర్ణించే కావ్యంలో ఉదయించిన సూర్యుడు భూమి మీదుగా సాగి అస్తమించేదాకా యోధులు నేలకూలుతారు. అక్కడ సూర్యుడి గమనానికి వాడింది గ్లైడ్ క్రియనే. కింద రక్తపాతం సాగుతుండగా పైన ఏ ఒడుదుడుకూ లేని గమనం కనిపిస్తుంది. ఈ వైరుద్ధ్యం వల్లనే ఆ వర్ణన మనసులో నిలుస్తుంది. ‘బేవుల్ఫ్’లో ఇద్దరు యువకులు పోటీపడి సముద్రం మీద ఈదిన సందర్భంలోనూ ఇదే క్రియ వస్తుంది. చేతులతో నీటిని తోసుకుంటూ ఈదడం శ్రమతో కూడిన పని. అయినా కవి దాన్ని ఈ క్రియతోనే ముగించాడు.

ఈ రెండు ప్రయోగాల నుంచి ఒక విషయం స్పష్టమవుతుంది. ఆదిలో గ్లైడ్‌కు దిశ నియమం లేదు. అది పైకి ఎక్కే సూర్యుడికీ వర్తిస్తుంది, అడ్డంగా ఈదే మనిషికీ వర్తిస్తుంది. తెలుగు సూర్యగమనాన్ని చెప్పే తీరును దీనితో పోల్చవచ్చు. పొద్దు పొడుస్తుంది, ఎక్కుతుంది, వాలుతుంది, గుంకుతుంది. ఒకే దినయానానికి తెలుగు నాలుగు క్రియలు వాడింది. ప్రతి క్రియా పొద్దు ఎటు పోతున్నదో చెబుతుంది. ఆంగ్లకవి వాడిన ఒక్క క్రియ పొద్దు ఎలా పోతున్నదో చెబుతుంది.

3. ‘ఎలా’, ‘ఎటు’

చలన క్రియలను బట్టి భాషలను వర్గీకరించిన లియొనార్డ్ టాల్మీ సిద్ధాంతం ఇక్కడ ఉపకరిస్తుంది. ఆంగ్లం వంటి భాషలు చలన రీతిని క్రియలో ఇముడ్చుకొని, చలన మార్గాన్ని ‘ఇన్’, ‘అవుట్’, ‘డౌన్’ వంటి చిన్న పదాలకు అప్పగిస్తాయి. మరికొన్ని భాషలు మార్గాన్ని ప్రధాన క్రియలో నిలిపి, రీతిని విశేషణాంశంగా చేరుస్తాయి. తెలుగు చాలావరకు ఈ రెండో పద్ధతిని అనుసరిస్తుంది. వచ్చు, పోవు, దిగు, ఎక్కు, దాటు, చేరు అనేవి తెలుగు వాక్యంలో సమాపక క్రియలుగా నిలిస్తే, రీతిని క్త్వార్థక, శత్రర్థకాలు చెబుతాయి. ‘పరుగెత్తి వచ్చాడు’, ‘పాకుతూ పోయింది’, ‘ఈది దాటాడు’ వంటివి ఉదాహరణలు.

రీతిని చెప్పడానికి తెలుగుకు మరో బలమైన సాధనముంది. అది ధ్వన్యనుకరణ పదాల సంపద. మర్రే ఎమెనో 1969లో వెలువరించిన వ్యాసంలో ఈ పదజాలాన్ని భారతీయ భాషా మండల లక్షణంగా గుర్తించారు. గిర్రున తిరగడం, రివ్వున ఎగరడం, సర్రున దూసుకుపోవడం, చరచర నడవడం, జరజర పాకడం – ఇలా చలనంలోని అతి సూక్ష్మమైన భేదాలను తెలుగు అవలీలగా చెప్పగలదు. చలన రీతిని చెప్పే పదాలు తెలుగులో తక్కువ అనే మాట కాబట్టి నిలవదు.

అయితే చలనానికి చెందిన ఈ పదాల్లో అత్యధికం శబ్దాన్నో వేగాన్నో ఆశ్రయించినవి. గ్లైడ్‌లో శబ్దం ఉండదు, వేగం ప్రధానం కాదు. తెలుగులో పాము జరజర పాకుతుంది, మనం దాన్ని చెవితో గుర్తిస్తాం. ఆంగ్లంలో పాముకు గ్లైడ్ వాడినప్పుడు ఆ జరజర మాయమై, వినబడని పాము కంటికి మాత్రమే కనిపిస్తుంది. తెలుగు తన శక్తినంతా ధ్వనిలో నిక్షేపించుకున్న చోటనే గ్లైడ్ నిశ్శబ్దాన్ని కోరుతోంది. ‘అలికిడి లేకుండా’, ‘సడి చేయకుండా’ అంటూ అనువాదకుడు వ్యతిరేకార్థకాలను ఆశ్రయించవలసి రావడానికి కారణమిదే. కాని ‘అలికిడి లేకుండా’ అన్న మరుక్షణం పాఠకుడి మనసులో అలికిడి మెదులుతుంది. లేనిదాన్ని లేదని చెప్పడమూ దాన్ని ప్రస్తావించడమే.

గ్లైడ్ అర్థాన్ని ఘటకాలుగా విడదీస్తే ఐదు తేలుతాయి. మొదటిది తెంపులేనితనం. రెండోది అవయవాల కదలిక గాని, శ్రమ గాని కనిపించకపోవడం. మూడోది నిశ్శబ్దం. నాలుగోది నేల, నీరు, గాలి వంటి ఏదో ఒక ఆధారం మోస్తున్నట్లుండడం. ఐదోది కర్త సంకల్పం విషయంలో మౌనం. ఈ ఐదోది అన్నిటికంటె ముఖ్యం. ఆంగ్ల క్రియలను వర్గీకరించిన బెత్ లెవిన్ తన 1993 గ్రంథంలో గ్లైడ్‌ను దొర్లడం, తేలడం, జారడం వంటి అర్థాలున్న క్రియలతో కలిపి ఒకే వర్గంలో చేర్చారు. కదిలే వస్తువుకు సొంత సంకల్పం ఉండి తీరాలని ఈ వర్గపు క్రియలు కోరవు. గ్లైడ్ అవుతున్నది తనంతట తాను వెళుతున్నదా, లేక దాన్ని మరేదో మోసుకుపోతున్నదా అన్నది తేలని విషయంగానే ఉంటుంది. దయ్యాలకూ, దేవదూతలకూ, నదులకూ ఈ క్రియ నప్పడానికి ఈ సందిగ్ధతే మూలం.

విమానశాస్త్రం ఈ అర్థాన్ని మరింత నిర్దిష్టం చేసింది. 1891–1896 మధ్య ఒటో లిలియెంటాల్ కొండవాలుల మీది నుంచి చేసిన ప్రయోగాలు, 1900–1902 మధ్య రైట్ సోదరుల గ్లైడర్లు ఈ పదానికి సాంకేతికార్థాన్ని స్థిరపరిచాయి. ఇంజను లేని విమానం తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే ఎప్పుడూ కిందికే దిగుతుంది. ఆ గాలే పైకి లేస్తున్నప్పుడు మాత్రం విమానం కూడా పైకి లేచినట్లు కనిపిస్తుంది. అంటే సాంకేతికార్థంలో గ్లైడ్ అనేది అదుపులో ఉన్న దిగుదల. ఈ అంశం ‘జారు’ చర్చలో మళ్లీ అవసరమవుతుంది.

4. జారు: నీడ పడిన పదం

తెలుగులో గ్లైడ్‌కు పొరుగున ఉన్న క్రియలన్నీ ఒక్కో ఘటకాన్ని మాత్రమే పంచుకుంటాయి. ‘తేలు’కు ఆధారం ఉంది, గమ్యం లేదు. ‘సాగు’కు తెంపులేనితనం ఉంది, నునుపు లేదు, బండి కూడా కుదుపులతో సాగవచ్చు. ‘పాకు’లో నేలతో ఒరిపిడి, శ్రమ ఉన్నాయి. ‘జాలువారు’ అందమైన మాట. కాని అది ద్రవానికీ, ద్రవంలా భాసించే వెన్నెలకూ పరిమితమై ఎప్పుడూ కిందికే ప్రవహిస్తుంది. నునుపు, తెంపులేనితనం, నిశ్శబ్దం, ఆధారం – ఈ నాలుగూ ఒకేచోట ఉన్న తెలుగు క్రియ ‘జారు’ ఒక్కటే. అయినా మనస్సు మొదట నిరాకరించేది దాన్నే.

కారణం స్పష్టం. జారడం అదుపు తప్పడం. కాలు జారుతుంది, నోరు జారుతుంది, పట్టు జారుతుంది, అవకాశం చేజారుతుంది. ‘కాలు జారడం’ స్త్రీ విషయంలో శీలభ్రంశానికి పర్యాయమై కూర్చుంది. ప్రబంధ శృంగారంలో కొప్పు జారడం, పయ్యెద జారడం పరిపాటి. ఈ ప్రయోగాల భారమంతా ఆ చిన్న క్రియ మీద ఉంది.

దీనికి తోడు సంస్కృత ‘జార’ శబ్దం నీడ కూడా దీని మీద పడింది. జారుడు, జారిణి అనే మాటలకూ జారడానికీ సంబంధముందన్న భావన లోకంలో లేకపోలేదు. వ్యుత్పత్తి ప్రకారం ఇది నిలవదు. తెలుగు క్రియ ప్రాచీన రూపం శకటరేఫంతో కూడిన ‘జాఱు’. కన్నడంలోనూ ఇదే క్రియ ఉంది. దీనిలోని జకారం దంత్యం. సంస్కృత ‘జార’లో ఉన్నది తాలవ్య జకారం, సాధురేఫం. పిల్లలు ఆడుకొనే జారుడుబండలోని ‘జారుడు’, విటుడనే అర్థంలోని ‘జారుడు’ నేటి లిపిలో ఒకే తీరుగా కనిపిస్తాయి. ఉచ్చారణలో మాత్రం అవి రెండు వేర్వేరు పదాలు. పాత రచనా పద్ధతిలో రేఫం ఈ భేదాన్ని చూపేది. బ్రౌన్ తన నిఘంటువులో దంత్య చకార జకారాలకు ప్రత్యేక సంకేతాలు వాడాడు. శకటరేఫం రాతలోంచి, దంత్య సంకేతం ముద్రణలోంచి తొలగిపోయిన తరువాత రెండు పదాలు కంటికి ఒకటయ్యాయి. లిపి సౌలభ్యం కోసం వదులుకున్న భేదం అర్థరంగంలో ఒక అపోహకు తావిచ్చింది.

జారు ఎప్పుడూ అదుపు తప్పడాన్నే చెబుతుందన్న అభిప్రాయాన్ని కూడా తెలుగు వ్యాకరణమే ఖండిస్తుంది. ఈ క్రియ విలువ దాని పక్కన చేరే సహాయక క్రియను బట్టి మారుతుంది. ‘జారిపడ్డాడు’లో ప్రమాదం ఉంది. ‘జారిపోయింది’లో నష్టం ఉంది. ‘జారవిడిచాడు’లో అజాగ్రత్త ఉంది. ‘సభలోంచి మెల్లగా జారుకున్నాడు’ అన్నప్పుడు మాత్రం సంపూర్ణమైన సంకల్పం, నేర్పు, నిశ్శబ్దం కనిపిస్తాయి. ‘కొను’ చేరగానే కర్త తన చలనానికి తానే యజమాని అయ్యాడు. అయితే ఆ సంకల్పానికి దొంగతనపు వాసన అంటుకుంది. కాబట్టి జారులో అదుపు అసాధ్యం కాదు. గౌరవప్రదమైన అదుపే అరుదు.

లాటిన్ ‘లాబీ’ క్రియ ఈ విషయంలో తెలుగుకు దగ్గరి బంధువులా కనిపిస్తుంది. నక్షత్రాలు, ఓడలు, పాములు, నదులు, సంవత్సరాలు ఆ క్రియతోనే కదిలాయి. నాలుక తడబడడానికీ, నీతి తప్పడానికీ అదే క్రియ. ‘కాలం జారిపోతోంది’, ‘నోరు జారింది’ అనే రెండు వాక్యాలను ఒకే క్రియతో చెప్పే తెలుగువాడికి ఇందులో వింత లేదు. ఆంగ్లం ఈ క్షేత్రాన్ని విభజించుకుంది. ‘గ్ల’తో మొదలయ్యే ఆంగ్ల పదాల్లో అనేకం కాంతిని, మెరుపును సూచిస్తే, ‘స్ల’తో మొదలయ్యేవాటిలో అనేకం జిగటను, బద్ధకాన్ని, కపటాన్ని సూచిస్తాయి. ఇటువంటి ధ్వని సముదాయాలకు జె. ఆర్. ఫర్త్ 1930లో ప్రత్యేక పారిభాషిక పదం కల్పించారు. అదుపు తప్పడం ‘స్లిప్’కు, ఒరుసుకుంటూ పోవడం ‘స్లైడ్’కు, నిర్మలమైన గమనం ‘గ్లైడ్’కు దక్కాయి. తెలుగు, లాటిన్ భాషల్లో ఒక్క క్రియ మోస్తున్న బరువును ఆంగ్లం మూడు క్రియలకు పంచింది. అనువాద సమస్య పదలేమి వల్ల వచ్చింది కాదు. ఒక పదంలో ఎక్కువ అర్థాలు పోగుపడడం వల్ల వచ్చింది.

5. మిల్టన్: మూడు పొగమంచులు, ఒక కిరణం

ఈ ఎంపిక ఎంత దూరం పోగలదో ‘ప్యారడైజ్ లాస్ట్’ చూపుతుంది. 1667లో పది పర్వాలుగా వెలువడి 1674లో పన్నెండు పర్వాలుగా విభజితమైన ఈ కావ్యంలో గ్లైడ్ క్రియ కీలక స్థానాల్లో వస్తుంది.

నాలుగో పర్వంలో సూర్యమండలాధిపతి అయిన యూరియల్ అనే దేవదూత సాయంకిరణం మీదుగా స్వర్గోద్యానానికి దిగివస్తాడు. హెచ్చరిక అందించి, అదే కిరణం మీద తిరిగి వెళ్తాడు. ఈలోగా సూర్యుడు దిగంతం కిందికి పోయాడు. కిరణం ఈ కొన పైకి లేచింది. కాబట్టి తిరుగు ప్రయాణంలోనూ అతడు ఏటవాలుగా కిందికే వెళ్తాడు. రెండు దిశల్లోనూ వాలు ఉండేటట్లు మిల్టన్ జాగ్రత్తపడడం చూస్తే, గ్లైడ్‌లో దాగివున్న దిగుదల స్వభావాన్ని ఆయన ఎంత స్పష్టంగా గుర్తించాడో తెలుస్తుంది. ఇక్కడ భౌతికంగా ‘జారు’ కంటె తగిన తెలుగు క్రియ లేదు. కాని ఈ కావ్యానికి వస్తువే పతనం. స్వర్గం నుంచి కూలిన దూతల కథలో కూలని దూతకు ‘జారు’ వాడితే అతడూ పతితుల పక్షాన చేరినట్లు ధ్వనిస్తుంది. ‘అవతరించాడు’ అంటే మరో మత సంప్రదాయపు భావం వచ్చి చేరుతుంది. పరిష్కారం తెలుగు వాక్య నిర్మాణంలోనే ఉంది. ‘కిరణం వెంట జారి వచ్చాడు’ అన్నప్పుడు రీతిని క్త్వార్థకం, మార్గాన్ని సమాపక క్రియ చెబుతున్నాయి. ‘వచ్చు’లోని సంకల్పం ‘జారు’లోని పతనాన్ని అదుపు చేస్తుంది. ‘జారి పడ్డాడు’కూ దీనికీ ఉన్న దూరం ఏ తెలుగు పాఠకుడికీ వివరించనక్కరలేదు.

తొమ్మిదో పర్వంలోని ప్రయోగం మరింత చిక్కైనది. కావలి దూతల కన్ను కప్పడానికి సైతాను అర్ధరాత్రి పొగమంచులో చుట్టుకొని ఉద్యానంలో ప్రవేశిస్తాడు. తన ఈ చలనాన్ని స్వగతంలో వర్ణించుకుంటూ అతడు వాడిన క్రియ గ్లైడ్. స్వగతం ముగియగానే కథకుడు అదే చలనాన్ని నల్లని పొగమంచు నేలబారుగా పాకడంతో పోలుస్తాడు. ఒకే చలనానికి కొద్ది పంక్తుల వ్యవధిలో రెండు క్రియలు వచ్చాయి. మొదటిది సైతాను తనను గురించి తాను అనుకొంటున్నది; రెండోది కవి తీర్పు. తాను హుందాగా తేలిపోతున్నానని పాత్ర భావిస్తుంటే, అది పాకుతున్నదని కథకుడు చూపిస్తాడు. రానున్న సర్ప రూపాన్ని ఆ పాకడం ముందే సూచిస్తుంది.

కావ్యాంతంలో, పన్నెండో పర్వంలో, ఆదిదంపతులను ఉద్యానం నుంచి పంపివేయడానికి దేవదూతలు దిగివస్తారు. వారి రాకను మిల్టన్ సాయంకాలం నది మీది నుంచి లేచి, ఇంటికి మళ్లే కష్టజీవి మడమల వెంట చిత్తడి నేల మీద కమ్ముకొనే పొగమంచుతో పోల్చాడు. ఇక్కడ గ్లైడ్ ధాతువు రెండుసార్లు వస్తుంది. సైతాను తనకు తాను ఆపాదించుకున్న క్రియను కథకుడు చివరకు అర్హులైన వారికి ఇచ్చాడు. తొమ్మిదో పర్వంలోని పొగమంచును పన్నెండో పర్వంలోని పొగమంచు సరిదిద్దుతుంది. అయితే ఈ సరిదిద్దడం పూర్తి ఓదార్పు కాదు. మడమల వెంట ముసురుకొనే మంచు మడమను కాటువేసే సర్పాన్ని కూడా గుర్తుచేస్తుంది. శిక్ష అమలుచేయవచ్చిన దూతలు ఆ మంచులో ఉన్నారు.

పొగమంచు ‘పాకడం’ తెలుగులో సహజమైన పలుకుబడి. అనువాదకుడు మూడు చోట్లా సహజత్వాన్ని కోరి ‘పాకు’ వాడితే ఏ వాక్యమూ విడిగా చూస్తే తప్పుగా ఉండదు. కాని సైతాను ఆత్మవంచన, కథకుడి తీర్పు, దేవదూతల రాక – మూడూ ఒకటైపోతాయి. ఒక్క క్రియ దగ్గర కావ్య వ్యంగ్యం కుప్పకూలుతుంది. సైతాను స్వగతంలోనూ దేవదూతల రాకలోనూ ‘తేలు’ను నిలిపి, కథకుడి ఉపమానానికి మాత్రమే ‘పాకు’ను వదిలితే ఈ సంబంధం బతుకుతుంది. ‘మంచులో కలిసి తేలిపోతున్నాను’ అనే సైతానుకూ, ‘నేలను తాకీ తాకనట్లు తేలివచ్చిన’ దూతలకూ మధ్య తెలుగు పాఠకుడు అప్పుడు పోలికను పట్టుకోగలడు. ‘తేలు’కు గమ్యం లేదన్న లోపాన్ని ‘పోవు’, ‘వచ్చు’ పూరిస్తాయి. విడి వాక్యంలో సహజంగా ఉండే మాట కంటె కావ్యమంతటా పొందిక నిలిపే మాట ఇక్కడ మేలైనది.

దీనికి భిన్నమైన సందర్భం వర్డ్స్‌వర్త్ 1802 నాటి లండన్ ప్రభాతం మీద రాసి, 1807లో ప్రచురించిన వెస్ట్‌మినిస్టర్ వంతెన సానెట్. అక్కడ థేమ్స్ నది గమనానికి గ్లైడ్ వాడుతూ, అది నది సొంత ఇచ్ఛ ప్రకారమే జరుగుతున్నదని కవి స్పష్టం చేశాడు. గ్లైడ్ సహజంగా పాటించే మౌనాన్ని ఈ కవి ఛేదించి నదికి సంకల్పాన్ని ఇచ్చాడు. ఈ సంకల్పాన్ని తెలుగులో ‘ఇష్టం వచ్చినట్లు’ అంటే మందలింపు ధ్వనిస్తుంది. ‘తన మానాన తాను’ అనే పలుకుబడి ఆ స్వేచ్ఛలోని నెమ్మదిని చక్కగా పట్టుకుంటుంది. దాని పక్కన ‘సాగు’ తప్ప మరే క్రియా ఇమడదు. ఇక్కడ నునుపును క్రియ చెప్పనక్కరలేదు. ఆ పలుకుబడే చెబుతుంది.

6. సంగీతం, వ్యాకరణం ఇచ్చే సాక్ష్యం

‘జారు’కు గౌరవప్రదమైన అదుపు అరుదని పైన పేర్కొనడం జరిగింది. ఆ అరుదైన చోటు కర్ణాటక సంగీతం. స్వరం నుంచి స్వరానికి నాదం తెగకుండా చేరడాన్ని ‘జారు’ అంటారు. 1904లో ఎట్టయాపురంలో తెలుగు లిపిలో ముద్రితమైన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ గమకాలకు సంకేతాలు ఏర్పరుస్తూ, ఆరోహణ దిశలోని జారును, అవరోహణ దిశలోని జారును వేర్వేరుగా గుర్తించింది. వీణ మీద ఒక మీటు తరువాత వేలు ఎత్తకుండా తంత్రి వెంట నడిపితే జారు పలుకుతుంది. దాన్ని ఆంగ్లంలో వివరించే రచయితలు ‘గ్లైడ్’ అనీ ‘స్లైడ్’ అనీ రాస్తారు.

సాహిత్య భాష నిరాకరించిన గుణాలన్నీ ఈ పారిభాషిక పదంలో ఉన్నాయి. ఇక్కడ జారు పైకి కూడా పోతుంది. దానికి సాధన కావాలి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలియాలి. అదుపు తప్పితే అది జారు అనిపించుకోదు, అపస్వరమవుతుంది. కాబట్టి ‘జారు’కు ఆరోహణ, సంకల్పం, సౌందర్యం కొత్తగా కల్పించనక్కరలేదు. తెలుగు పదం వాటిని సంగీతంలో ఎన్నడో సంపాదించుకుంది. సాహిత్య అనువాదకులు ఆ సంపాదనను తమదిగా భావించకపోవడమే లోపం.

వ్యాకరణ పరిభాష మరో పాఠం చెబుతుంది. ఆధునిక ధ్వనిశాస్త్రంలో య, వ ధ్వనులకు గ్లైడ్ అన్నది స్థిరపడిన పేరు. ఒక అచ్చు నుంచి మరో అచ్చుకు నాలుక సాగే గమనాన్ని ఆ పేరు సూచిస్తుంది. భారతీయ సంప్రదాయం ఇవే ధ్వనులను ర, ల లతో కలిపి అంతస్థలు అన్నది. అంటే మధ్యలో నిలిచేవి. ప్రాకృత వ్యాకరణంలో హేమచంద్రుడు రెండు అచ్చుల నడుమ లీలగా వినిపించే యకారాన్ని యశ్రుతి అన్నాడు. అంటే వినబడేది. చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ (1858) సంధి లేని చోట రెండు అచ్చుల మధ్య వచ్చే యకారాన్ని యడాగమం అన్నది. అంటే వచ్చి చేరేది. ‘మా అమ్మ’ ‘మాయమ్మ’ అయినప్పుడు నోటిలో జరిగే పని ఒక్కటే. ఒక పరిభాష అందులో గమనాన్ని చూసింది, ఒకటి స్థానాన్ని, ఒకటి శ్రవణాన్ని, ఒకటి రాకను చూసింది. వీటిలో ఏదీ మరొకదానికి అనువాదం కాదు. అయినా ఏ శాస్త్రమూ పదం లేక ఇబ్బంది పడలేదు. ఎవరి ప్రశ్నకు తగిన పేరు వారు పెట్టుకున్నారు.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. గ్లైడ్ చలన రీతిని చెప్పి, కర్త సంకల్పం విషయంలో మౌనం వహించే క్రియ. తెలుగు చలన వ్యవస్థ మార్గానికి ప్రాధాన్యమిస్తుంది. రీతిని ధ్వనితోనూ అసమాపక క్రియలతోనూ చెబుతుంది. ఈ రెండు వ్యవస్థల మధ్య ఒకే పదాన్ని నిలపడం సాధ్యం కాదు. కాని ‘జారి వచ్చు’, ‘తేలి పోవు’, ‘తన మానాన సాగు’ వంటి రెండంచెల నిర్మాణాలతో గ్లైడ్ అర్థపరిధిని తెలుగు దాదాపు పూర్తిగా అందుకోగలదు.

నిఘంటుకారులకు దీని నుంచి ఒక సూచన అందుతుంది. ఆంగ్ల చలన క్రియలకు విడి క్రియల జాబితా ఇవ్వడం కంటె, కర్తను బట్టి మారే జంట క్రియలను ఉదాహరణ వాక్యాలతో ఇవ్వడం ఉపయుక్తం. ‘జారు’ ఆరోపంలో గమకార్థాన్ని సంగీతశాస్త్ర పరిభాషగా వేరుచేయకుండా ప్రధానార్థాల సరసన చేర్చాలి. దంత్య జకారాన్నీ శకటరేఫాన్నీ చూపి సంస్కృత ‘జార’తో దానికి సంబంధం లేదని స్పష్టం చేయాలి.

అనువాదకులకు అందే సూచన ఇంకొకటి. గ్లైడ్ ఎదురైనప్పుడు ‘దీనికి తెలుగేమిటి?’ అనే ప్రశ్న కంటె ముందు ‘ఈ కావ్యంలో ఇదే క్రియ ఇంకెవరికి దక్కింది?’ అనే ప్రశ్న వేసుకోవాలి. సైతానుకూ దేవదూతకూ ఒకే క్రియ ఇచ్చిన కవి ఆ పని తెలియక చేయలేదు. ఆ పోలికను నిలిపే తెలుగు క్రియ ఏదైనా సరైనదే. దాన్ని చెరిపే క్రియ ఎంత సొగసైనదైనా ఆ కావ్యానికి పరాయిదే.